మిగిలింది చిన్నకొడుకొక్కడే

1851 శరత్కాలం. మిస్సోరి రాష్ట్రంలో యాష్ గ్రోవ్ దగ్గర దుంగలతో కట్టిన ఇల్లు. ఆ గుమ్మంలోకి ఓ పొట్టి మనిషి వచ్చాడు. ఐదడుగుల పైన ఒక్క అంగుళం. పూచికపుల్లలాంటి ఒళ్లు. వెంట రాత కాగితాలు. పేరు లైమన్ డ్రేపర్, వయసు 36. ఆయన చుట్టపుచూపుగా రాలేదు.

కెంటకీ అడవిలోకి బాట కొట్టిన డానియల్ బూన్ పోయి అప్పటికి 31 ఏళ్లు. ఆయనకి పదిమంది పిల్లలు. తొమ్మిదిమందీ మట్టిలో కలిసిపోయారు. మిగిలింది ఆఖరివాడు, ఈ ఇంటాయన నేథన్. ఆయనకీ 70 వచ్చాయి. బూన్ బతికుండగా తన కథ చెప్పి మనవడి చేత రాయించుకున్నాడు. 1812లో మొదలైన యుద్ధం రోజుల్లో సామాను తరలిస్తుంటే పడవ తిరగబడింది. ఆ కాగితాలు మిస్సోరి నదిలో పడి కొట్టుకుపోయాయి. ఇంక ఆ ఇంటి కథకి ఈ ముసలాయన జ్ఞాపకమే దిక్కు. ఆయన కూడా కన్నుమూస్తే?

డ్రేపర్ కలం సిరాలో ముంచాడు.

ముందు వేళ్లు తవ్వాడు. నేథన్ తాత, అంటే డానియల్ తండ్రి, స్క్వైర్ బూన్ ఇంగ్లండులోని డెవన్ నుంచి సముద్రం దాటి పెన్సిల్వేనియా చేరిన క్వేకర్. 1734లో డానియల్ పుట్టాడు. ఏ తేదీన? అక్టోబరు 22 అన్నా నిజమే, నవంబరు 2 అన్నా నిజమే. 1752లో ఇంగ్లండు క్యాలెండర్ మార్చి పదకొండు రోజుల్ని ఎగరగొట్టేసింది. బూన్ మాత్రం పాత లెక్కనే పట్టుకున్నాడు. వంశాలు వెతికేవాళ్లు ఇలాంటి చోటే ఒక మనిషిని ఇద్దరిగా రాసేస్తారు. 1756లో రెబెక్కా బ్రయన్‌తో పెళ్లి. ఆ తర్వాత కాన్పులు, వలసలు, కొత్త గుడిసెలు. కలం చకచకా కదిలింది. జేమ్స్ పేరు దగ్గర ఆగింది.

జేమ్స్ పెద్దకొడుకు. 1773 అక్టోబరు. కొన్ని కుటుంబాలు కెంటకీ దారి పట్టాయి. అది షానీలు, చెరోకీలు తరతరాలుగా వేటాడుకున్న నేల. వచ్చేవాళ్లని రానిచ్చేది లేదని వాళ్లు తేల్చుకున్నారు. పావెల్ లోయలో తెల్లారకముందే దాడి జరిగింది. 16 ఏళ్ల కుర్రాణ్ణి చిత్రహింసలు పెట్టి చంపారు. నేథన్ అప్పటికి పుట్టనే లేదు.

రెండోవాడు ఇజ్రేల్.

1782 ఆగస్టు 19. లికింగ్ నది ఒడ్డున బ్లూ లిక్స్. నేథన్ అప్పటికి ఏడాదిన్నర పసివాడు. తండ్రి నోట విన్నదే ఇప్పుడు చెబుతున్నాడు. గుట్టమీద తుపాకులు ఒక్కసారిగా పేలి, ముందు నడిచినవాళ్లు నడిచినట్టే కూలిపోయి, మిగిలినవాళ్లు నది వైపు పరుగు తీస్తుంటే, రౌతు లేని గుర్రం ఒకటి చేతికందితే దాన్ని లాక్కొచ్చి కొడుకు ముందు నిలబెట్టి ఎక్కమన్నాడు తండ్రి. నిన్నొదిలి పోనని కొడుకు మొండికేశాడు. ఆ మాట పూర్తయిందో లేదో గుండు తగిలి, నోట్లోంచి రక్తం పొంగి, కళ్లముందే ఒరిగిపోయాడు. ఆ మాటొచ్చినప్పుడల్లా నాయన కళ్లు నిండేవన్నాడు నేథన్.

డ్రేపర్ రాసుకున్నాడు. అప్పుడు ఇంకో గొంతు అందుకుంది.

నేథన్ భార్య ఆలివ్. మగవాళ్ల కథల్లో తుపాకులుంటే ఆమె కథలో ఇల్లు ఉంది. 1799. పెళ్లయి కొద్దిరోజులే. ఆమెకి 16, అతనికి 18. తోడు ఇంకెవరూ లేకుండా గుర్రాలమీద అడవులు దాటి స్పెయిన్ ఏలుబడిలో ఉన్న లూసియానా చేరారు. ఎదురుగా మిస్సోరి నది. అతను తెడ్డు వేశాడు. ఆమె చుక్కాని పట్టింది. గుర్రాలు పక్కన ఈదుతూ వచ్చాయి. గుర్రం, జీను, కళ్లెం ఇచ్చేసి మొదటి భూమి కొన్నారు.

అంతలో మొగుడు వేటకి పోయాడు. గుడిసెలో మట్టినేల. చలికాలం. ఆలివ్, ఆ ఇంట్లో బానిసగా ఉన్న ఓ నల్లజాతి పిల్ల కలిసి చిన్నచెట్లు నరికి నేలమీద పరిచారు. ఇద్దరే. ఆ ఇల్లు నిలబడింది వాళ్ల చేతులమీదే అనాలి.

డ్రేపర్ వారాల తరబడి ఆ ఇంట్లోనే ఉన్నాడు. అడిగిందే మళ్లీ అడిగాడు. 300 పేజీలు దాటాయి. ఐదేళ్లకి నేథన్ పోయాడు. 1858లో ఆలివ్ కూడా. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే అడగడానికి ఎవరూ మిగిలేవారు కాదు.

కానీ బూన్ చరిత్ర రాస్తానన్న డ్రేపర్ దాన్ని ముగించలేదు. ఇంకో ఉత్తరం, ఇంకో సాక్షి అంటూ సేకరిస్తూనే ఉండిపోయి 1891లో మాడిసన్‌లో కన్నుమూశాడు. విస్కాన్సిన్ చరిత్ర సంఘంలో ఆయన కాగితాలు దాదాపు 500 సంపుటాలు. నేథన్, ఆలివ్ చెప్పిన మాటలు పుస్తకంగా వచ్చేసరికి 1999 అయింది. ఈరోజు బూన్ వారసులు అందులో తమ ముత్తాతల్ని పేరుపేరునా వెతుక్కోగలరు.

యాష్ గ్రోవ్‌లో ఆ ఇంటి స్థలంలోనే బానిసల శ్మశానం ఉంది. వాళ్ల వారసులూ వెతుకుతారు. డ్రేపర్ రావడానికి ముందటేడు, 1850లో, జనాభా లెక్కలవాళ్లు బానిసల కోసం వేరే పట్టిక పెట్టారు. అందులో యజమాని పేరు రాశారు. దాని కింద వయసు, ఆడో మగో, ఒంటిరంగు. పేర్లు రాసే గడే లేదు. బానిసత్వం నుంచి బయటపడ్డ కుటుంబాల పేర్లన్నీ జనాభా లెక్కలకెక్కింది 1870లోనే. అందుకే వాళ్ల వారసులు 1870 దగ్గర మొదలుపెట్టి వీలునామాలు, అమ్మకపు దస్తావేజులు, పన్ను చిట్టాలు ఒక్కొక్కటే తిరగేస్తూ వెనక్కి నడుస్తున్నారు.