మన ఒళ్ళే తీగె అయితే



మా చిన్నతనంలో బొబ్బిలి దగ్గర పల్లెలో ఇంటిల్లిపాదికీ ఒకటే ట్రాన్సిస్టరు. సిలోన్ రేడియోలో తెలుగు పాటలు గరగరలాడుతుంటే నేను ఏరియల్ కడ్డీ పట్టుకుని నిలబడేదాన్ని. పాట తేటపడేది. చెయ్యి తీస్తే మళ్ళీ గరగర. "ఒగ్గీకే గుంటా, పాట పోతాది!" అని మా పెద్దమ్మ కేకేసేది. నా ఒళ్ళే ఏరియల్‌కి కొసరు తీగె అయిందని అప్పుడు నాకేం తెలుసు?

మనిషి ఒంటిగుండా విద్యుత్ సంకేతాలు పంపే పద్ధతికి అమెరికాలో పేటెంట్లు ఇచ్చారని చెబితే, మా పక్కింటావిడ "అయితే మన ఒళ్ళు మనది కాదేటమ్మా?" అంది. నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదిది.

మన ఒంట్లో ఉన్నది ఉప్పునీరు. అందులోంచి విద్యుత్తు పోతుంది. ఈ సంగతి కొత్తది కాదు. 1730లో ఇంగ్లండులో స్టీఫెన్ గ్రే అనే ఆయన ఒక కుర్రవాణ్ణి తాళ్ళతో వేలాడదీసి, రుద్దిన గాజుగొట్టాన్ని పాదాల దగ్గర పెట్టాడు. ఇత్తడి రేకు తునకలు వాడి మొహంకేసి ఎగిరాయి. తాళ్ళు ఆపాయి, ఒళ్ళు మోసింది. తరవాత ఇటలీలో గాల్వానీ కప్ప కాళ్ళతో ప్రయోగాలు చేసి 1791లో గ్రంథం ప్రకటించాడు. ఆ ప్రయోగాల్లో ఆయన భార్య లూచియా గలెయాత్సీ చేయూత ఉంది. గ్రంథం వెలువడేనాటికి ఆమె లేదు. 1788లోనే పోయింది. లోకానికి మిగిలింది భర్త పేరే.

ఇక మన కాలానికి వద్దాం. 1990ల్లో అమెరికాలో థామస్ జిమ్మర్‌మన్, ఆయన తోటివారు ఆంపియరులో వందకోట్లవ వంతు కరెంటుతో ఒకరి ఒంటి మీది పరికరం నుంచి మరొకరి పరికరానికి కరచాలనంతోనే సమాచారం పంపి చూపించారు. దానికి 1999లో పేటెంటు వచ్చింది. ఒంటి మీది గడియారానికీ, చెవి పరికరానికీ ఒళ్ళే తీగెగా విద్యుచ్ఛక్తినీ, సమాచారాన్నీ అందించే పద్ధతికి 2004లో మైక్రోసాఫ్ట్ కంపెనీకి పేటెంటు ఇచ్చారు. ఆవిష్కర్తల్లో మొదటి పేరు లిండ్సే విలియమ్స్ అనే స్త్రీది.

పేటెంటు ఒంటిమీద హక్కు కాదు, పద్ధతి మీద హక్కు. ఇచ్చిన దేశంలోనే చెల్లుతుంది. దరఖాస్తు పెట్టిన నాటినుంచి మామూలుగా 20 ఏళ్ళు. గడువు తీరాక ఆ పద్ధతి అందరి సొత్తు. మన ఒళ్ళు అప్పుడూ, ఇప్పుడూ మనదే. కాని ఒంటిమీది పరికరం మన గుండె కొట్టుకునే తీరు ఎవరికి చేరవేస్తోందో అడగడం మాత్రం మన వంతు.

ఇంకొక్క మాట. పేటెంటు లాభం కంపెనీదైనా, కాగితం మీద ఆవిష్కర్త పేరు నిలుస్తుంది. లూచియాకి దక్కనిది లిండ్సేకి దక్కింది. మీ ఆడపిల్ల ఏదైనా కొత్త ఉపాయం కనిపెడితే, ముందు దాన్ని కాగితం మీద పెట్టి, తేదీ వేసి, కింద తన పేరు రాసుకోమనండి.