కోళ్ల షెడ్డు నుంచి కంప్యూటరు దాకా: మెటల్ గిటారు, ఇంటి రికార్డింగు చరిత్ర

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం రాయమని పూర్వ విద్యార్థుల సంఘం మిత్రులు అడిగినప్పుడు, బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల గురించో, 1908 మూసీ వరదల తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల గురించో రాస్తానని అనుకొని ఉంటారు. వాటి మీద నాకంటే బాగా రాయగల సార్లు మన మధ్యే ఉన్నారు. నేను ఎంచుకున్నది మన సంచికల్లో ఇంతవరకు చోటు దొరకని విషయం: ఎలక్ట్రిక్ గిటారు, దాని మీద వాయించే మెటల్ సంగీతం, ఆ సంగీతాన్ని ఇంట్లోనే రికార్డు చేసుకునే పద్ధతి. "అది సంగీతమా, లొల్లా?" అని అడిగేవాళ్లు కొంచెం ఓపిక పట్టాలని మనవి. చివర్లో సంఘానికి ఒక కోరిక పెట్టుకున్నాను. దానికోసమైనా చదవండి.

పదో తరగతి పాఠం నుంచి

రాగి తీగ చుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే తీగలో కరెంటు పుడుతుందని ఫారడే 1831లో కనుగొన్నాడు. పదో తరగతిలో మనమంతా చదివిన పాఠమే. ఎలక్ట్రిక్ గిటారంతా ఆ ఒక్క పాఠం మీద నిలబడింది. గిటారు తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వేల చుట్లు సన్నని రాగి తీగ ఉంటాయి. దీన్ని పికప్ అంటారు. ఉక్కు తీగ మోగినప్పుడు రాగి చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. యాంప్లిఫయరు దాన్ని పెంచి స్పీకరుకు పంపుతుంది.

అమెరికాలో ఇలాంటి గిటారు నమూనా 1931లో తయారై, మరుసటి ఏడాది అమ్మకానికి వచ్చింది. గుండ్రని ఒళ్లు, పొడవాటి పిడి ఉండడంతో జనం దాన్ని పెనం అని పిలిచారు. 1950ల్లో ఫెండర్, గిబ్సన్ కంపెనీల గట్టి చెక్క ఒంటి గిటార్లు వచ్చాయి. గిబ్సన్‌లో పనిచేసిన సేత్ లవర్ 1955లో రెండు చుట్టలను ఎదురెదురు దిశల్లో కలిపి, కరెంటు లైను నుంచి వచ్చే గుయ్యిమనే మోతను అణచే పికప్‌ను రూపొందించాడు. దీని విలువ మన ఊళ్ల వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సరైన ఎర్తింగ్ లేని గదిలో, బావి మోటారు స్టార్టయినప్పుడల్లా వోల్టేజి పడిపోయే లైను మీద వాయించినవాడికి ఆ గుయ్యి బాగా తెలుసు.

కరెంటు వాయిద్యం మన సంప్రదాయానికి పనికిరాదనుకుంటే పొరపాటు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, మాండలిన్ శ్రీనివాస్‌గా లోకానికి తెలిసిన విద్వాంసుడు, కర్ణాటక సంగీతం వాయించింది ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే. మామూలు మాండలిన్‌లో నాదం వెంటనే ఆరిపోతుంది, గమకం నిలవదు. కరెంటు ఆ నాదాన్ని నిలబెట్టింది. మెటల్ గిటారువాడికి కరెంటుతో పని సరిగ్గా అదే: నాదం నిలవడం.

చెడిపోయిన యంత్రంలోంచి వచ్చిన నాదం

మెటల్ గిటారులో వినిపించే గరగరను డిస్టార్షన్ అంటారు. యాంప్లిఫయరుకు దాని శక్తికి మించిన సిగ్నలు ఇస్తే అల శిఖరాలు తెగిపోయి ఆ శబ్దం వస్తుంది. ఇంజనీర్లకు అది లోపం. 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాటను అమెరికాలోని నాష్‌విల్‌లో రికార్డు చేస్తుండగా, స్టూడియో బల్లలో ఒక భాగం చెడిపోయి గ్రేడీ మార్టిన్ బేస్ గిటారు గరగరలాడింది. వాళ్లు దాన్ని తీసేయకుండా పాటలో ఉంచారు. ఆ చెడిపోయిన శబ్దాన్ని కావాలన్నప్పుడు తెప్పించే పెట్టె 1962లో మార్కెట్లోకి వచ్చింది. కాలితో నొక్కే గిటారు పెడళ్ల వంశం అక్కడ మొదలైంది. 1964లో లండన్ కుర్రవాడు డేవ్ డేవిస్ తన చిన్న యాంప్లిఫయరు స్పీకరును బ్లేడుతో చీల్చి అదే గరగర తెప్పించాడు.

మెటల్ సంగీతానికి ఆద్యుడుగా చెప్పే టోనీ అయోమీ కథ ఇంకా గట్టిది. బర్మింగ్‌హామ్‌లో రేకుల కర్మాగారంలో పనిచేస్తూ, 17 ఏళ్ల వయసులో, కుడిచేతి రెండు వేళ్ల కొసలు యంత్రంలో పోగొట్టుకున్నాడు. అతను ఎడమచేతి వాటం మనిషి, తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. నొక్కడానికి తేలిగ్గా ఉండాలని బాంజో వాయిద్యపు సన్నని తీగలు వాడాడు. తర్వాత తీగలను వదులు చేసి శ్రుతిని కూడా దించాడు. అతని బ్లాక్ సబ్బాత్ బృందం మొదటి ఆల్బం 1970 ఫిబ్రవరిలో వచ్చింది. మెటల్‌లోని ఆ బరువైన కింది స్థాయి శబ్దం వెనుక ఒక కార్మికుడి గాయం ఉంది.

మన రోడ్డు మీదికి

గండిపేటలో చైతన్య భారతి ఇంజనీరింగ్ కాలేజీ 1979లో మొదలైంది. 1990ల చివరికి మొయినాబాద్, అజీజ్‌నగర్ వైపు మరికొన్ని కాలేజీలు వచ్చాయి. హాస్టళ్లతో పాటు గిటార్లూ వచ్చాయి. 1996లో వచ్చిన 111 జీవో, జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో పరిశ్రమలను, పెద్ద కట్టడాలను కట్టడి చేసింది. భూమి ధరల గురించి ఆ జీవో మీద మన దగ్గర ఎన్ని వాదనలైనా ఉన్నాయి. నాకు తెలిసిన లాభం ఒకటి ఉంది: ఇక్కడ ఇల్లు ఇల్లు దూరంగా మిగిలాయి. మెటల్ వాయించేవాడికి పక్కింటివాళ్లు దూరంగా ఉండడం కంటే పెద్ద సౌకర్యం లేదు.

నాది 1999 పదో తరగతి బ్యాచ్. 2002లో మేం నలుగురం ఒక బృందం కట్టాం. ఇద్దరం మన బడి పిల్లలమే. మా సాధన మిత్రుడి పెదనాన్న కోళ్ల షెడ్డులో జరిగేది. ఒక బ్యాచ్ కోళ్లు అమ్ముడుపోయి మరో బ్యాచ్ పిల్లలు దిగేలోపు షెడ్డు ఖాళీగా ఉండే పదిహేను రోజులే మాకు దొరికేవి. ఒకసారి గడువు మరిచిపోయి పక్క షెడ్డులో కోళ్లుండగానే మొదలుపెట్టాం. పెదనాన్న కట్టె పట్టుకొని వచ్చి, "మీ లొల్లికి కోళ్లు దాణా తింటలేవురా! అవుతల పోయి కొట్టుకోండ్రి" అన్నాడు.

గిటారు కలకత్తాలో తయారైనది. విదేశీ గిటారు మా అందరి ఫీజులు కలిపినా వచ్చేది కాదు. గిటారు యాంప్లిఫయరు లేదు. పెళ్లిళ్లకు, బోనాలకు వాడే మైకు సెట్టు అడుక్కొని, ఒక పాత డిస్టార్షన్ పెడల్ దానికి తగిలించేవాళ్లం. జోరీగల గుంపు మీద పడ్డట్టు ఉండేది. ఎందుకో చాలా ఏళ్లకు తెలిసింది. గిటారు పెట్టెలో ఉండే పన్నెండు అంగుళాల స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ పైనున్న సన్నని శబ్దాలను పెద్దగా పలకదు. ఆ వడపోత వల్లే డిస్టార్షన్ చెవికి ఇంపుగా ఉంటుంది. మైకు సెట్టు హారన్ మాత్రం ఆ సన్నని శబ్దాలనే ఎక్కువ చేసి పలుకుతుంది. మా లోపం వేళ్లలో ఉందనుకొని నెలల తరబడి బాధపడ్డాం. లోపం స్పీకరుది.

నాలుగు వరుసల టేపు

ఇంటి రికార్డింగు చరిత్ర మెటల్ కంటే పాతది. గిటారు విద్వాంసుడు లెస్ పాల్ 1948లో తన ఇంటి గ్యారేజీలోనే ఒకదాని మీద ఒకటిగా తన గిటారునే చాలాసార్లు రికార్డు చేసి పాట విడుదల చేశాడు. 1979లో టాస్కామ్ కంపెనీ పోర్టాస్టూడియో తెచ్చింది. మామూలు క్యాసెట్ మీదే నాలుగు వరుసలు విడివిడిగా రికార్డు చేసే పెట్టె అది. ప్రపంచమంతటా ఔత్సాహిక బృందాలు తమ నమూనా పాటలు దాని మీదే చేసుకున్నాయి.

మా పరిచయాల్లో అలాంటిది ఎవరి దగ్గరా లేదు. తెలుగువాడి పాట రికార్డు కావాలంటే ఒకప్పుడు మద్రాసు వెళ్లాలి, తర్వాత హైదరాబాద్ సినిమా స్టూడియోలు వచ్చాయి. చేవెళ్ల రోడ్డు కుర్రాళ్లకు రెండూ ఒకటే దూరం. స్టూడియోలో గంటకు ఇంతని కట్టాలి, డ్రమ్స్‌కు మైకులు అమర్చడానికే సగం రోజు పోతుంది. అందుకే 2004లో దాణా బస్తా మీద టేపు రికార్డరు పెట్టి, ఎర్ర బటన్ నొక్కి, మా ఐదు సొంత పాటలు వాయించాం. అంతే మా ఆల్బం.

అదే ఏడాది కంప్యూటరుతోనూ ప్రయత్నించాం. గిటారు వైరును నేరుగా మైకు రంధ్రంలో దూర్చితే శబ్దం దుప్పటి కప్పినట్టు వచ్చేది. పికప్ సిగ్నలుకు ఆ రంధ్రం సరిపడదు. పైగా తీగ మీటిన కాసేపటికి శబ్దం వినిపించేది. ఆ ఆలస్యంతో తాళం తప్పకుండా వాయించడం ఎవరి తరమూ కాదు.

తాళం తీసిన పెట్టెలు

ఈ చిక్కులు ఒక్కొక్కటే విడిపోయాయి. స్టెయిన్‌బర్గ్ కంపెనీ 1997లో తెచ్చిన ఏఎస్ఐఓ పద్ధతి ఆలస్యాన్ని మిల్లీసెకన్లకు దించింది. 1998లో వచ్చిన లైన్ సిక్స్ పాడ్, పెద్ద యాంప్లిఫయర్ల శబ్దాన్ని చిన్న డబ్బాలో అనుకరించింది. 2006లో రీపర్ అనే సాఫ్ట్‌వేర్ తక్కువ ధరకు పూర్తి స్టూడియోను కంప్యూటరులోకి తెచ్చింది. గిటారుకు సరిపడే రంధ్రం ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ ఇప్పుడు మధ్యరకం ఫోను ధరలో దొరుకుతుంది. స్పీకరు పెట్టె చేసే వడపోతను కొలిచి దాచిన ఫైళ్లు ఉచితంగా దొరుకుతున్నాయి. మా జోరీగలకు మందు అదే. డ్రమ్స్ వాయించేవాడు లేకపోతే కంప్యూటరులో ఒక్కో దెబ్బా రాసుకోవచ్చు. స్వీడన్ బృందం మెషూగా 2005లో ఒక ఆల్బం డ్రమ్స్ అంతా అలాగే చేసింది.

కొత్తగా మొదలుపెట్టే మన బడి పిల్లలకు రెండు మాటలు. ఒకే గిటారు వరుసను రెండుసార్లు విడిగా వాయించి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పెట్టండి. ఒకసారి వాయించినదాన్నే నకలు తీసి రెండువైపులా పెడితే ఆ వెడల్పు రాదు, ఎందుకంటే రెండు చేతి పనుల మధ్య ఉండే చిన్న తేడాలే ఆ వెడల్పు. డిస్టార్షన్ మీకు చాలనిపించిన చోటికంటే కొంచెం తగ్గించండి. రెండు గిటార్లు కలిశాక అది ఎక్కువే అవుతుంది. పెట్టె మీద పెట్టె కొనకండి. తాళం మీద కూర్చోండి.

తెలుగు నేలలో ఇది కలగా మిగల్లేదు. విశాఖపట్నం బృందం అగెయిన్‌స్ట్ ఈవిల్ 2014లో మొదలై మరుసటి ఏడాదే తొలి రికార్డు తెచ్చింది. హైదరాబాద్ డెత్ మెటల్ బృందం గాడ్‌లెస్ 2016లో తొలి రికార్డు, 2021లో పూర్తి ఆల్బం విడుదల చేసింది. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ కచేరీకి రాత్రి బస్సెక్కి బెంగళూరు వెళ్లినప్పుడు, మన దగ్గరి బృందాల పాటలు విదేశాల వాళ్లు కొని వింటారని ఎవరైనా చెబితే నవ్వి ఉండేవాణ్ని.

సంఘానికి ఒక కోరిక

మా బృందంలో డ్రమ్స్ వాయించిన మిత్రుడు 2009లో ఇదే రోడ్డు మీద ప్రమాదంలో పోయాడు. 1999 బ్యాచ్ వాళ్లకు ఎవరో తెలుసు. వాడు వాయించిన దానికి మిగిలిన ఆధారం దాణా బస్తా మీద చేసిన ఆ ఒక్క క్యాసెట్. నాలుగేళ్ల కింద బయటికి తీస్తే బూజు పట్టి ఉంది. శుభ్రం చేసి, నా గిటారు ఇంటర్‌ఫేస్ ద్వారానే కంప్యూటరులోకి ఎక్కించాను. ఐదు పాటల్లో రెండే దక్కాయి. ప్రతి పాటకు ముందు వాడు కర్రలు కొడుతూ "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అనడం స్పష్టంగా వినిపిస్తుంది. వాళ్ల అమ్మకు వినిపించాను. పాట మొదలవగానే ఆపమని, ఆ లెక్కపెట్టిన ముక్క మళ్లీ పెట్టమంది. ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు.

ఈ యాభై ఏళ్లలో మన బడి వార్షికోత్సవాలు, పంద్రాగస్టు ప్రసంగాలు, పదవీ విరమణ సభలు ఎవరెవరో క్యాసెట్లలో పట్టారు. అవి మన ఇళ్ల అటకల మీద, ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. ఇక మన మధ్య లేని సార్ల గొంతులు వాటిలో ఉన్నాయి. ప్రతి వానాకాలం కొన్ని పోతున్నాయి. మెటల్ పిల్లలు వాడే ఈ చిన్న ఇంటర్‌ఫేస్, ఒక మంచి క్యాసెట్ ప్లేయరు, ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే వాటిని కాపాడవచ్చు. తొంభై నిమిషాల క్యాసెట్‌కు తొంభై నిమిషాల ఓపిక, మంచి నాణ్యతలో సుమారు 1.4 జీబీ చోటు చాలు.

క్యాసెట్ ఉన్నవాళ్లు దయచేసి నేరుగా ప్లేయరులో పెట్టి చూడకండి. బూజు ఉంటే టేపు తెగుతుంది. పైనున్న రెండు ప్లాస్టిక్ పలుకులు విరిచేస్తే పొరపాటున దానిపై మళ్లీ రికార్డు కాదు. ఎవరి గొంతో, ఏ సంవత్సరమో తెలిసినంత కాగితం మీద రాసి సంఘం కార్యదర్శికి ఇవ్వండి. ఎక్కించే పని నాది. క్యాసెట్ మీది మీకు తిరిగి వస్తుంది, గొంతు బడికి మిగులుతుంది.