గృహవిద్యలో వేసవి గణిత సాధన

గృహవిద్యలో వేసవి గణిత సాధన అనగా బడికి వెళ్ళకుండా ఇంటివద్దనే చదువుకొనే చిన్నపిల్లలు, పాఠాలు ఆగిపోయే ఎండాకాలంలో, అంతవరకు నేర్చిన లెక్కలను మరచిపోకుండా చేసే అభ్యాసం. ఇది ముఖ్యంగా 6 నుండి 8 సంవత్సరాల పిల్లలకు, అనగా 1 నుండి 3 తరగతుల స్థాయివారికి వర్తిస్తుంది. రాబోయే తరగతి పాఠాలను ముందుగా చెప్పడం దీని ఉద్దేశం కాదు. నేర్చినదానిని నిలుపుకోవడం, బయటపడకుండా మిగిలిపోయిన పొరపాట్లను గుర్తించి సరిదిద్దడం దీని ప్రధానోద్దేశాలు.

నేపథ్యం

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పాఠశాలలకు సాధారణంగా ఏప్రిల్ చివరి వారం నుండి జూన్ రెండవ వారం వరకు వేసవి సెలవులు ఉంటాయి. గృహవిద్యలో సెలవులను తల్లిదండ్రులే నిర్ణయించుకుంటారు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలో గృహవిద్యను గురించి ప్రత్యేక నిబంధన లేదు. ఇంటివద్ద చదివే పిల్లలలో కొందరు జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా పరీక్షలు వ్రాస్తారు. ఆ సంస్థ ప్రాథమిక విద్యలోని 'ఎ' స్థాయి 3వ తరగతికి, 'బి' స్థాయి 5వ తరగతికి, 'సి' స్థాయి 8వ తరగతికి సమానం.

ఆవశ్యకత

నేర్చిన విషయాన్ని తిరిగి తలచుకోకపోతే మొదటి రోజులలోనే ఎక్కువ భాగం మరపునకు వస్తుందని జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రకటించిన ప్రయోగాలలో చూపాడు. అమెరికాలో హారిస్ కూపర్ బృందం 1996లో 39 అధ్యయనాలను సమీక్షించి, వేసవి సెలవుల వలన పిల్లలు సగటున ఒక నెల చదువుకు సమానమైనంత వెనుకబడతారనీ, ఈ నష్టం చదవడంలో కంటె లెక్కలు చేయడంలో ఎక్కువనీ తెలిపింది. అయితే ఈ నష్టం ఎంత అనేది వాడిన పరీక్షను, మార్కులు కట్టే పద్ధతిని బట్టి మారుతుందని 2019లో పాల్ వాన్ హిప్పెల్ విమర్శించాడు.

గృహవిద్యలో దీనికి మరొక కారణం కూడా ఉంది. బడిలో తరగతితోపాటు ఉపాధ్యాయుడు మారినప్పుడు పాత లోపాలు కొత్తవారి దృష్టికి వస్తాయి. ఇంట్లో బోధించేవారు, పరీక్షించేవారు ఒక్కరే కావడం వలన ఒక తప్పు పద్ధతి ఏళ్ళ తరబడి కనబడకుండా ఉండిపోవచ్చు.

ముందస్తు పరిశీలన

ప్రణాళికకు ముందు పిల్లల చేత పది, పదిహేను లెక్కలు చేయించి, జవాబుతోపాటు చేసిన విధానాన్ని కూడా చూడాలి. ఉదాహరణకు 42 నుండి 17 తీసివేయమంటే కొందరు పిల్లలు 35 అని వ్రాస్తారు. ఇది అజాగ్రత్త కాదు. 2 నుండి 7 పోదు కనుక 7 నుండి 2 తీసివేసి 5 వేస్తారు. 4 నుండి 1 తీసివేసి 3 వేస్తారు. ఇటువంటివారి చేత అదే రకం లెక్కలు వంద చేయించినా తప్పు పద్ధతే బలపడుతుంది. 4 పదుల పుల్లల కట్టలు, 2 విడి పుల్లలు ఇచ్చి, ఒక కట్టను విప్పించి 17 తీయిస్తే 2 కట్టలు, 5 పుల్లలు మిగులుతాయి. పదిని 'అప్పు తెచ్చుకోవడం' అంటే ఏమిటో అప్పుడు బోధపడుతుంది.

ఆరు వారాల నమూనా ప్రణాళిక

వారానికి 5 రోజులు, రోజుకు 20 నిమిషాలు సరిపోతాయి. ఆరు వారాలకు మొత్తం 10 గంటలు మాత్రమే అవుతుంది.

1వ వారం: 20 లోపు కూడికలు, తీసివేతలు నోటిలెక్కగా.
2వ వారం: పదుల కట్టలతో స్థాన విలువ, 100 లోపు సంఖ్యలు చదవడం, వ్రాయడం.
3వ వారం: రెండంకెల కూడికలు, తీసివేతలు, మొదట పుల్లలతో, తరువాత పలక మీద.
4వ వారం: 2, 5, 10 ఎక్కాలు, చింతగింజలను వరుసలుగా పేర్చి అర్థం తెలుసుకోవడం.
5వ వారం: కొలతలు, చిల్లర డబ్బు, గడియారం.
6వ వారం: అన్ని రకాలు కలిపి, చివరి రోజున ముందస్తు పరిశీలనలోని లెక్కలనే మరల ఇచ్చి పోల్చడం.

ప్రతిరోజూ మొదటి 5 నిమిషాలు నోటిలెక్కలకు, తరువాతి 10 నిమిషాలు ఆ వారపు అంశానికి, చివరి 5 నిమిషాలు గడచిన వారాల లెక్కలకు కేటాయించవచ్చు. ఒకే రకం లెక్కలను వరుసగా చేసినవారికంటె వేర్వేరు రకాలను కలిపి చేసినవారు తరువాతి పరీక్షలో మెరుగ్గా ఉన్నట్లు 2007లో కళాశాల విద్యార్థులపై రోరర్, టేలర్ జరిపిన ప్రయోగంలో తేలింది.

తెలుగు సంఖ్యలు, ఆటలు

తెలుగులో పదకొండు నుండి పంతొమ్మిది వరకు పేర్లను కంఠస్థం చేయాలి. ఇరవై ఒకటి నుండి మాత్రం పదులు, ఒకట్లు విడివిడిగా వినబడతాయి. 'నలభై రెండు' అన్నప్పుడే 40, 2 స్పష్టంగా తెలుస్తాయి. ఆంగ్లంలో థర్టీన్, థర్టీ వంటి పదాల దగ్గర తడబడే ప్రవాస తెలుగు పిల్లలకు ఇది సహాయకారి కాగలదు.

వామనగుంటల పీటలో 14 గుంటలు ఉంటాయి. గుంటకు 5 గింజలు చొప్పున వేస్తే మొత్తం 70 అవుతాయి. ఐదవ ఎక్కానికి ఇది మంచి సాధన. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, అనగా 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అనగా 8. గడులు లెక్కిస్తూ కాయలు నడపడంలో కూడిక తెలియకుండానే అలవడుతుంది.

జాగ్రత్తలు

ఎండ ముదరకముందే, ఉదయం ఒకే వేళకు కూర్చోవడం మంచిది. వరుసగా మూడు లెక్కలు తప్పితే కొత్తవి ఇవ్వక, మరల వస్తువులతో చేయించాలి. లెక్కలను శిక్షగా ఇవ్వరాదు. మరచిన ఎక్కాన్ని జూన్‌లో వారం రోజులలో తిరిగి నేర్పవచ్చు. లెక్కలంటే పట్టుకున్న భయాన్ని పోగొట్టడానికి అంతకంటె ఎంతో ఎక్కువ కాలం పడుతుంది. ఎంత సాధన చేసినా ఎక్కువ, తక్కువల భేదం కూడా తెలియని పిల్లలకు డిస్‌కాల్కులియా అనే అభ్యసన సమస్య ఉండవచ్చు కనుక నిపుణులను సంప్రదించాలి.

ఇవి కూడా చూడండి

ఎక్కాలు
వామనగుంటలు
అష్టాచెమ్మా
విద్యాహక్కు చట్టం