మెట్టు పడని ఫోటో

సినిమాలో హీరో కొండకొమ్మున వేలాడుతుంటే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకునే రకం నేను. మీరూ ఆ రకమే అయితే ఒక కిటుకు చెబుతాను. తెరమీద ఏం చూపించారని కాదు, ఏం చూపించలేదని అడగండి. సగం భయం అక్కడే పోతుంది.

ఈ విద్యలో తాతగారు అమెరికా నటుడు హెరాల్డ్ లాయిడ్. 1923లో వచ్చిన 'సేఫ్టీ లాస్ట్' అనే మూకీలో మేడమీది గడియారం ముల్లు పట్టుకుని వేలాడతాడు. కింద వీధిలో కార్లు చీమల్లా పోతుంటాయి. వీధి నిజమే! గోడ మాత్రం ఇంకో మేడ డాబామీద కట్టిన సెట్టు. కాళ్ళకింద కాస్త దూరంలోనే పరుపులు పరిచిన బల్ల. కెమెరా గోడనీ వీధినీ పట్టి, బల్లని వదిలేసింది. అంతే కిటుకు. అలాగని ఆయన్ని పిరికివాడనకండి. 1919లో ఫోటోకోసం ఉత్తుత్తి బాంబనుకుని పట్టుకున్నది నిజంగా పేలి, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ పోయాయి. పోయిన వేళ్ళు కనబడకుండా తొడుగు వేసుకునే ఆ గడియారానికి వేలాడాడు.

తర్వాత ఎత్తులు పెరిగాయి. కెమెరాని కాస్త పక్కకి వంచితే పిల్లలు జారే వాలు నిటారు కొండవుతుంది. దూరపు లెన్సు పెడితే ఎక్కడో వెనకున్న రైలు హీరో వీపుమీదికి వచ్చేస్తుంది.

ఇదంతా అప్పట్లో మాకేం తెలుసు? 1964లో ఆదుర్తి సుబ్బారావుగారు మా గోదావరి మీదే తీసిన 'మూగమనసులు' వచ్చింది. పడవా సుడిగుండం చూసి రాజమండ్రి కుర్రకారుకి పిచ్చెక్కింది. తెరనిండా నీళ్ళుంటే గట్టెంత దూరమో ఎవరడుగుతారండీ!

ఆ వేసవిలో మేనమామ ఇచ్చిన డబ్బా కెమెరా పట్టుకుని కోటిలింగాల రేవుకి పోయాం. మా పెదనాన్నగారబ్బాయి రేవుగోడ పట్టుకుని వేలాడాడు. కాళ్ళకింద జానెడు దూరంలో మెట్టుంది. నేను పక్కకి జరిగి, మెట్టు పడకుండా, వెనక గోదావరి మాత్రం పడేట్టు నొక్కాను. ఫోటో అదిరింది! కాపీలు వేయించి వీధంతా పంచాం.

అమ్మ చూసి అన్నం మానేసింది. రేవుకి తీసుకెళ్ళి మెట్టు చూపించాను, నవ్వుతుందనుకుని. నవ్వలేదు.

"వేసవి కనక కనబడుతోంది. శ్రావణంలో ఈ మెట్టు గోదారి మింగేస్తుంది. నీ ఫోటో చూసి అప్పుడెవడైనా వేలాడితేనో?" అంది.

పెద్దవాళ్ళ చాదస్తం అనుకున్నాను. శ్రావణం వచ్చింది, వరద వచ్చింది. పక్కవీధి కుర్రాడొకడు అదే గోడకి వేలాడి చెయ్యి జారాడు. పడవవాళ్ళు జుట్టు పట్టుకుని లాగారు కనక బతికాడు. ఒడ్డున పడుకోబెడితే నీళ్ళు కక్కుతూ వాడన్నమాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "కింద ఏమీ లేకపోయినా మీవాడు పడలేదుగా!"

లాయిడ్ బల్ల దాచినా డబ్బిచ్చి చూసినవాళ్ళకి అది సినిమా అని తెలుసు. నేను మెట్టు దాచి, ఇది నిజమని పంచాను.

ఇప్పుడు మనవలు సెల్‌ఫోన్లిచ్చి ఫోటో తియ్యమంటారు. మెట్టు కూడా పడేట్టే తీస్తాను. "బాగా రాలేదు తాతయ్యా" అంటారు. రాకపోతే పోనీండి.