బొమ్మ తీసినోళ్ళ పేరు తెలుసు.. పంచినోళ్ళ పేరు తెలుసా?



మన గ్రూపులో షార్ట్ ఫిల్ములు తీసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు పెరిగారు. సంతోషం. కెమెరా గురించి, ఎడిటింగ్ గురించి బాగానే మాట్లాడుకుంటున్నాం. కానీ తీసిన బొమ్మ జనం దగ్గరికి ఏ దారిన వెళ్తుంది, ఆ దారి ఎవరి చేతిలో ఉంటుంది అనేది మాట్లాడుకోవట్లేదు. సినిమా వాళ్ళు దాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. ఆ చరిత్ర మనకి ఎందుకు కావాలో ఈ పోస్టులో రాస్తున్నాను. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మొదట్లో పంచేవాడు, చూపించేవాడు ఒక్కడే. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య గారు మద్రాసులో ఫొటో స్టూడియో నడిపేవారు. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొని, డేరాలు వేసి ఊరూరా బొమ్మలు చూపించారు. బర్మా, సింహళం దాకా తిరిగారు. తర్వాత మద్రాసులో గెయిటీ హాలు కట్టారు. మన కాకినాడ వైపు సి. పుల్లయ్య గారు కూడా సినిమాలు తియ్యడమే కాదు, ఊళ్ళు తిరిగి చూపించారు.

టాకీలు వచ్చి సినిమాలు పెరిగాక ఈ పని వేరే వ్యాపారం అయింది. పూర్ణా పిక్చర్స్, నవయుగ ఫిలింస్ లాంటి సంస్థలు పెద్దవయ్యాయి. విజయవాడ గాంధీనగర్ ఆ ఆఫీసులకి కేంద్రం. పని తీరు ఇలా ఉండేది. నిర్మాత సినిమా మొదలుపెట్టగానే డిస్ట్రిబ్యూటర్ దగ్గరికి వెళ్తాడు. హీరో ఎవరు, డైరెక్టర్ ఎవరు అని అడిగి డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బుతోనే సినిమా పూర్తవుతుంది. రిలీజయ్యాక హాళ్ళకి ప్రింట్ల బాక్సులు పంపి, టికెట్లు లెక్క చూడ్డానికి తన మనిషిని కూడా పంపి, వసూళ్ళలో తన కమిషన్ పట్టుకుని మిగతాది ఇస్తాడు. అంటే ఏ కథ సినిమా అవ్వాలో సగం నిర్ణయం ఆ అడ్వాన్సు దగ్గరే అయిపోయేది. హీరో లేని కథకి, ఆడపిల్ల కథకి, మన కథకి అడ్వాన్సు పుట్టడం కష్టం.

వాళ్ళు గీసుకున్న మ్యాపు చూడండి. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. నిజాం పాలన 1948లో పోయింది, సినిమా మ్యాపులో మాత్రం ఉంది. 1800లో నిజాం కంపెనీవాళ్ళకి వదిలేసిన జిల్లాలు కాబట్టి సీడెడ్, ఆ పేరూ ఉంది. నేను చదువుకుంటున్న రామచంద్రపురం ఇప్పుడు కోనసీమ జిల్లా. రంపచోడవరం 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది. సినిమా లెక్కలో రెండూ ఇంకా 'ఈస్ట్' కిందే. ఏజెన్సీ అనే మాట ఆ మ్యాపులో ఎక్కడా లేదు. ఎందుకంటే ఆ మ్యాపు గీసింది వసూళ్ళని బట్టి. ఏ సెంటర్, బీ సెంటర్, సీ సెంటర్ అని ఊళ్ళకి వరస పెట్టారు. పట్నంలో ఆడి ఆడి, గీతలు పడ్డాకే ప్రింటు చిన్న ఊళ్ళకి వచ్చేది. హాలే లేని కొండ ఊళ్ళు ఆ వరసలో కూడా లేవు.

మన కొండల మీద సినిమాలు తియ్యలేదా అంటే, తీశారు. కృష్ణ గారి 'అల్లూరి సీతారామరాజు' చింతపల్లి అడవుల్లో తీశారు, 1974లో వచ్చింది. 'పుష్ప' మారేడుమిల్లిలో తీశారు, 2021లో వచ్చింది. షూటింగుకి మన ఊరు ముందు, బొమ్మ చూడ్డానికి మన ఊరు ఆఖరు.

ఇప్పుడు అసలు కథకి వస్తాను. ఈ అడ్వాన్సుల మీద ఆధారపడకుండా, తియ్యడం, పంచడం, టీవీలో చూపించడం మూడూ ఒకే ఇంట్లో పెట్టుకున్న సంస్థ తెలుగులో ఒకటి ఉంది. రామోజీరావు గారి ఉషాకిరణ్ మూవీస్ తీసేది, మయూరి ఫిలిం డిస్ట్రిబ్యూటర్స్ పంచేది, 1995 ఆగస్టు 27 నుంచి ఈటీవీ ప్రసారం చేసేది.

ఆయన సినిమా మనిషిగా మొదలవ్వలేదు. 1962లో మార్గదర్శి చిట్‌ఫండ్, 1974లో విశాఖలో ఈనాడు, తర్వాత ప్రియ పచ్చళ్ళు. వీటన్నిటిలో కామన్‌గా ఉన్నది పంపిణీ. ఈనాడు పేరు తెచ్చుకున్నదే తెల్లారేసరికి గుమ్మంలో పేపరు పడెయ్యడం వల్ల. అదే బుర్ర సినిమాకీ పెట్టారు.

మొదటి సినిమా 'శ్రీవారికి ప్రేమలేఖ' 1984లో వచ్చింది. జంధ్యాల డైరెక్టర్. కథ కూడా బయటి నుంచి కొనలేదు, వాళ్ళ 'చతుర' పత్రికలో వచ్చిన పొత్తూరి విజయలక్ష్మి గారి నవలే. 1985లో 'మయూరి', కాలు పోగొట్టుకుని కూడా నాట్యం చేసిన సుధా చంద్రన్ కథ, ఆమే నటించింది. అదే ఏడాది టి. కృష్ణ తీసిన 'ప్రతిఘటన'. 1991లో రన్నర్ అశ్వినీ నాచప్పతో 'అశ్వని'. చూడండి, అన్నీ ఆడవాళ్ళ కథలు, పెద్ద హీరో లేని కథలు. పంచే సంస్థ సొంతం కాబట్టి హీరో ఎవరని అడిగేవాడు బయట లేడు.

వీటిలో మనకి ముఖ్యమైనది 1989లో వచ్చిన 'మౌనపోరాటం'. మోహన్‌గాంధీ డైరెక్టర్, ఎస్. జానకి గారు సంగీతం చేశారు. ఒడిశాలో ఒక యువతి చేసిన నిజమైన పోరాటం ఆధారంగా తీశారు. బయటి నుంచి వచ్చిన చదువుకున్నవాడు గిరిజన పిల్లని ప్రేమ పేరుతో మోసం చేస్తే, ఆ పిల్ల తన బిడ్డకి తండ్రి పేరు కోసం నిలబడి కొట్లాడుతుంది. కొత్త నటి యమున హీరోయిన్. తెలుగు సినిమాలో మన ఆడపిల్ల అంటే అప్పటిదాకా ఎక్కువగా డాన్సు పాట. ఇక్కడ కథంతా ఆమెదే. ఈ సినిమా ఇన్ని ఊళ్ళకి చేరిందంటే వెనకాల సొంత పంపిణీ బలం ఉంది.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. తీసినవాళ్ళు మనవాళ్ళు కాదు. భాష మన కోయ కాదు, కొండరెడ్ల యాస కాదు. సినిమా హక్కులూ సంస్థవే. థియేటర్ హక్కు, శాటిలైట్ హక్కు, డబ్బింగ్ హక్కు, ఇప్పుడు ఓటీటీ హక్కు, అన్నీ వేరువేరుగా అమ్ముడుపోయే ఆస్తులు. టీవీ ఛానళ్ళు కొత్తగా వచ్చినప్పుడు ఆ విలువ తెలియక చాలామంది నిర్మాతలు తక్కువకే ఇచ్చేసుకున్నారు. దాచుకున్నవాళ్ళు బాగుపడ్డారు.

మనలాంటివాళ్ళు సొంతంగా చెయ్యగలరా అని అడుగుతారు. చేశారు. కెనడా ఉత్తరాన ఇగ్లూలిక్ అనే చిన్న ఊళ్ళో ఇనుయిట్ ఆదివాసులు ఉంటారు. ప్రభుత్వం టీవీ తెస్తానంటే, అందులో మా భాష లేదు కదా అని 1970ల్లో ఊరంతా ఓటేసి వద్దన్నారు. తమ భాషలో ప్రోగ్రాములు వచ్చాకే 1980ల్లో ఒప్పుకున్నారు. అదే ఊళ్ళో 1990లో జకరియాస్ కునుక్, ఆయన మిత్రులు ఇసుమా అనే సంస్థ పెట్టారు. పూర్తిగా ఇనుయిట్ భాషలో వాళ్ళు తీసిన 'అటనార్జుయట్' 2001లో కాన్ పండగలో కెమెరా దోర్ బహుమతి గెలిచింది. అక్కడితో ఆగలేదు. పంపిణీ కూడా తామే పెట్టుకున్నారు, 2008లో ఇంటర్నెట్లో ఇసుమా టీవీ, 2021లో తమ భాషలోనే ఉవాగుట్ అనే ఛానల్.

ఇప్పుడు మనం బాక్సుల కోసం ఎదురు చూడక్కర్లేదు, ఫోన్ చాలు. కానీ ఫోన్లోనూ పంచేవాడు ఉన్నాడు. కాబట్టి మూడు పనులు చేద్దాం.

ఒకటి, మీ వీడియో ఎవరైనా ఛానల్ వాళ్ళు అడిగితే ఒరిజినల్ ఫైల్ ఇచ్చే ముందు ఏ హక్కు, ఎన్నేళ్ళకి, ఎంతకి అని కాగితం మీద రాయించుకోండి. మాట మీద ఇవ్వొద్దు.

రెండు, ముందు మన ఊళ్ళో చూపించండి. హాస్టల్లో, సంతలో, పండక్కి ఒక తెల్ల దుప్పటి కట్టి వెయ్యండి. వెంకయ్య గారు మొదలుపెట్టింది అలాగే.

మూడు, కోయ, కొండరెడ్డి, సవర, కువి.. ఎవరి మాటలో వాళ్ళు తియ్యండి. కింద తెలుగు అక్షరాలు వేస్తే అందరికీ అర్థమవుతుంది.

చివరగా ఒక చిన్న పని. మీ ఊళ్ళో మొదటి బొమ్మ ఎప్పుడు, ఎవరు, ఎక్కడ వేశారో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి కింద రాయండి. డేరానా, బడి గోడ మీదనా, పంచాయతీ టీవీనా? ఏజెన్సీలో సినిమా చరిత్ర ఇంకా ఎవరూ పూర్తిగా రాయలేదు. మీరు రాసేవన్నీ కలిపి ఒక్క పోస్టుగా నేను పెడతాను.

జై ఆదివాసీ.