ఇంపెడిమెంటా అంటే సామాను

పరిశోధన చేస్తున్న రోజుల్లో ఒక వేసవికి పాములపాడులో మా పెద్దమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు నా సంచీలో ఆస్టెరిక్స్ బొమ్మల పుస్తకం ఒకటి ఉంది. పెద్దమ్మకు కథ చెప్పాను. క్రీ.పూ. 50. నేటి ఫ్రాన్స్ ప్రాంతమైన గాల్ అంతా రోమన్ల చేతికి చిక్కింది, ఒక్క ఊరు తప్ప. ఇలాంటి కథలు ఆమెకు కొత్తేమీ కాదు. కుంఫిణీ మీద తిరగబడి 1847లో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాటలు విని పెరిగిన మనిషి. చివరి పేజీలో విందు బొమ్మ చూపిస్తే మాత్రం అడిగింది: "అందరూ తింటాండారు సరే, ఈ ఊర్లో ఆడోల్లు యాడున్నారే?"

తిరగేసి చూశాను. చాలా పుస్తకాల్లో ఆ విందు మగవాళ్ళదే.

1959లో 'పిలోత్' పత్రికలో రెనే గొసినీ రాసి, అల్బేర్ యుడెర్జో బొమ్మలు గీసి మొదలుపెట్టిన ఈ కథల్ని నేను ఇప్పటికీ నవ్వుకుంటూనే చదువుతాను. కానీ పేర్లు చూడండి. ఊరి పెద్ద భార్య పేరు ఫ్రెంచిలో బొన్‌మిన్, అంటే కళగల ముఖం. ఆంథియా బెల్, డెరెక్ హాక్రిడ్జ్‌ల ఇంగ్లీషు అనువాదంలో ఆమె ఇంపెడిమెంటా అయింది. లాటిన్‌లో అది సైన్యం వెంట మోసుకుపోయే సామాను. సీజర్ తన యుద్ధగ్రంథంలో మాటిమాటికీ వాడే మాట! ముసలి జెరియాట్రిక్స్ పడుచు పెళ్ళానికైతే సొంత పేరే లేదు. గొసినీ పోయాక 1991లో యుడెర్జో ఒక్కడే చేసిన పుస్తకంలో స్త్రీలు ఊరి పెత్తనం అందుకుంటారు, రోమ్ నుంచి ఆడసైన్యం కూడా వస్తుంది. ఆ సైన్యాన్ని ఓడించిందేమిటి? బట్టల దుకాణాలు. అక్కడ మాత్రం నాకు నవ్వు రాలేదు.

నన్ను వెంటాడింది మరో హాస్యం. 1968లో పుస్తకంగా వచ్చిన 'అర్వెర్న్ డాలు' కథలో గెర్గోవియా పేరెత్తితే అందరూ ఛాతీ విరుచుకుంటారు, అలేసియా అంటే అదెక్కడుందో తెలీదని విరుచుకుపడతారు. ఒకటి గెలుపు, ఒకటి ఓటమి. రెండూ క్రీ.పూ. 52లోనివే.

నేను సీజర్‌ను తెరిచాను. గెర్గోవియా గోడ మీంచి తల్లులు బట్టలూ వెండీ కిందికి విసిరి, రొమ్ములు చూపి, అవారికమ్‌లోలా ఆడవాళ్ళనూ పిల్లల్నీ చంపొద్దని రోమన్లను వేడుకున్నారు. తమవాళ్ళు రాగానే ఆ స్త్రీలే జుట్టు విరబోసుకుని, బిడ్డల్ని ఎత్తి చూపి పోరాడమన్నారు. గెలుపుగా గుర్తున్నచోట ఇది.

అలేసియాలో తిండిగింజలు అయిపోయాయి. పోరాడలేనివాళ్ళను బయటికి పంపాలని నిర్ణయించారు. ఆ ఊరు మాండుబీలది. సైన్యాన్ని తమ ఊళ్ళోకి రానిచ్చింది వాళ్ళే. వాళ్ళనే పెళ్ళాం బిడ్డలతో సహా వెళ్ళగొట్టారు. రోమన్ల కందకాల దగ్గరికి వచ్చి ఏడ్చారు, బానిసలుగానైనా తీసుకుని ఇంత తిండి పెట్టమన్నారు. సీజర్ కాపలా పెట్టించి, ఎవరినీ రానివ్వలేదు. వెనక గోడ, ముందు కందకం. వాళ్ళేమయ్యారో ఆయన రాయలేదు. ఇంతలో కొమ్మియస్ సేనలతో వచ్చి చేరాడన్నది ఆ తరువాతి వాక్యం.