విచారం వేరు, క్షమాపణ వేరు

ఇంగ్లీషులో ‘సారీ’ అన్న మాటకు రెండు ముఖాలున్నాయి. చావు కబురు విన్నవారు పలికే ‘సారీ’లో ఉన్నది సానుభూతి. తప్పు చేసినవారు పలికే ‘సారీ’లో ఉన్నది నేరాంగీకారం. తెలుగులో మొదటిది విచారం, రెండవది క్షమాపణ. ఇంటి సంభాషణలో ఏది ఏదో సందర్భమే చెబుతుంది. ప్రభుత్వ పత్రంలో ఆ పని వాక్యమే చేయాలి. అటువంటి ఒక వాక్యం కోసం ఆస్ట్రేలియా దాదాపు 11 ఏళ్ళు ఎదురుచూసింది.

1997 మే 26న ‘బ్రింగింగ్ దెమ్ హోమ్’ నివేదిక ఆ దేశపు పార్లమెంటు ముందుకు వచ్చింది. ఆదివాసీ కుటుంబాల నుంచి, టోరెస్ జలసంధి ద్వీపవాసుల కుటుంబాల నుంచి పిల్లలను బలవంతంగా తీసుకుపోయిన విధానంపై సర్ రొనాల్డ్ విల్సన్, మిక్ డాడ్సన్‌ల నాయకత్వంలో జరిగిన విచారణ ఫలితమది. 1910, 1970ల నడుమ అలా వేరుచేసిన పిల్లలు పదిమందిలో ఒకరికీ, ముగ్గురిలో ఒకరికీ మధ్య ఉంటారని నివేదిక తేల్చింది. పార్లమెంటులు తమ పూర్వుల బాధ్యతను అంగీకరించి క్షమాపణ చెప్పాలన్నది దాని 54 సిఫారసులలో ఒకటి.

నాటి ప్రధాని జాన్ హోవార్డ్ దీనికి సమ్మతించలేదు. గత తరాలు చేసిన పనులకు నేటి తరం దోషం మోయనక్కరలేదని ఆయన వాదన. అదే నెలలో మెల్‌బోర్న్ సమావేశంలో ఆయన వ్యక్తిగతంగా దుఃఖం వెలిబుచ్చితే, సభికులలో పలువురు లేచి వెనుదిరిగి నిలబడ్డారు. 1999 ఆగస్టు 26న ఆయన ప్రవేశపెట్టిన తీర్మానంలో ‘రిగ్రెట్’ ఉంది, ‘సారీ’ లేదు. జలియన్‌వాలా బాగ్ గురించి 2019లో థెరెసా మే బ్రిటిష్ పార్లమెంటులో వాడినదీ ఆ ‘రిగ్రెట్’ మాటే. జరిగినదానికి బాధపడే హక్కు చూసినవారికీ, విన్నవారికీ కూడా ఉంది. క్షమాపణ చెప్పగలిగినది మాత్రం చేసినవారే.

2000 మే 28న సిడ్నీ హార్బర్ వంతెన మీద సుమారు రెండున్నర లక్షలమంది నడిచారు. ఆ వేళ ఒక విమానం ఆకాశంలో పొగతో ‘సారీ’ అని రాసింది.

2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ చదివిన తీర్మానంలో వాక్యపు కర్త మారింది. అన్యాయం చేసినది ‘గత తరాలు’ కాదు, వరుసగా వచ్చిన పార్లమెంటులూ ప్రభుత్వాలూ అని అది పేర్కొన్నది. తరాలు గతిస్తాయి, పార్లమెంటు గతించదు. హోవార్డ్ వాదనకు జవాబు ఆ ఒక్క మార్పులో ఉంది. పాలకుల భాషకు చెందిన ‘అపాలజైజ్’తో పాటు ‘సారీ’ కూడా అందులో మూడుసార్లు వచ్చింది. ఆదివాసుల ఇంగ్లీషులో ‘సారీ బిజినెస్’ అంటే మరణించినవారికై పాటించే సంతాప ఆచారాలు. అందువల్ల ఆ సభలో కూర్చున్న తల్లులకు ఆ మాటలో క్షమాపణతో పాటు సంతాపమూ వినిపించి ఉండాలి.

క్షమాపణ చెబితే నష్టపరిహారం మీద పడుతుందన్న భయం అప్పట్లో బలంగా ఉండేది. 1957లో శిశువుగా ఉన్నప్పుడే కుటుంబానికి దూరమైన బ్రూస్ ట్రెవొరో 2007లో దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వంపై గెలిచి 5,25,000 డాలర్లు పొందారు. ఆ రాష్ట్ర పార్లమెంటు 1997లోనే క్షమాపణ చెప్పింది. అయినా ఆయనను గెలిపించినది ఆ మాట కాదు, శిశువును చట్టవిరుద్ధంగా తీసుకుపోయారన్న రుజువు. న్యూ సౌత్ వేల్స్ 2002 నాటి చట్టం క్షమాపణను నేరాంగీకారంగా పరిగణించరాదని చెబుతుంది. వైద్యంలో పొరపాటు జరిగితే రోగికి చెప్పే క్షమాపణలో ‘సారీ’ అన్న మాట ఉండాలని 2013 నాటి జాతీయ మార్గదర్శకాలు కోరుతాయి.

అయితే 2008 తీర్మానం వెంట పరిహార పథకమేదీ రాలేదు. కేంద్రపాలిత ప్రాంతాల బాధితులకు అటువంటి పథకాన్ని కేంద్ర ప్రభుత్వం ప్రకటించినది 2021లో. సరైన మాట దొరకడానికి 11 ఏళ్ళు పడితే, ఆ మాట వెంట చేత రావడానికి మరో 13 ఏళ్ళు పట్టింది. ఈలోగా ఎందరో తల్లులు కన్నుమూశారు.